గాల్ఫు క్రీడలో దేహచలనము

బంతితో ఆడు ఆటలలో గాల్ఫు ఒక విచిత్రమైన ఆట. క్రికెట్టులోను, టెన్నిసులోను బంతి మన మీదికి వచ్చును. దాని వేగమును, దిక్కును కనిపెట్టి మనము కదలవలెను. గాల్ఫులో బంతి గడ్డిమీద కదలక మెదలక ఉండును. కదలువాడు మనిషి ఒక్కడే. కావున బంతి తిన్నగా పోయినను, పొదలలో పడినను దానికి మూలమును ఆటగాని దేహము కదలిన తీరునందే వెదుకవలెను. కర్రను ఊపునప్పుడు దేహములో ఏ కీలు ఎంత తిరుగవలెను, ఏ కీలును బలవంతముగా త్రిప్పరాదు, బిగిసిన కీళ్ళను ఇంటివద్దనే ఎట్లు సడలించుకొనవచ్చును అను మూడు సంగతులను ఈ ప్రసంగములో మేము మనవి చేయదలచినాము.

గాల్ఫు స్కాట్లండులో పెరిగిన ఆట. ప్రజలు విలువిద్యను విడిచి ఈ ఆటలో మునుగుచున్నారని 1457లో ఆ దేశపు శాసనసభ దీనిని నిషేధించెను. నిషేధము నిలువలేదు, ఆట నిలిచినది. మన దేశములో 1829లోనే కలకత్తాలో గాల్ఫు క్లబ్బు వెలసినది. బ్రిటిషు దీవులకు వెలుపల అంతకంటె ప్రాచీనమైన గాల్ఫు క్లబ్బు లేదు. నేడు హైదరాబాదున గోలకొండ నయాఖిల్లాలోను, విశాఖపట్నమునను ఈ ఆటకు మైదానములు కలవు.

ఈ ఆటను నలుబది ఏండ్లు దాటిన తరువాత మొదలుపెట్టువారు ఎందరో కలరు. ఆ వయస్సున కండబలము అంతగా తగ్గదు గాని, కుర్చీలో కూర్చుండి పనిచేసిన ఏండ్లు కీళ్ళను బిగించి యుంచును. అట్టి దేహముతో వారమునకొకసారి మైదానమునకు పోయి, బలమంతయు చూపి కర్రను విసరినచో మొదట మొరపెట్టునది నడుము. గాల్ఫు ఆటగాండ్రను బాధించు నొప్పులలో నడుమునొప్పి అగ్రస్థానమున ఉన్నదని వైద్యులు చెప్పుచున్నారు. డెబ్బది ఏండ్లవరకు ఆడదగిన ఆటను ఈ నొప్పి ఏబదిలోనే మాన్పించుచున్నది. గాల్ఫు ఎరుగని శ్రోతలు రేడియో కట్టివేయనక్కరలేదు. కారును వెనుకకు నడుపుచు తల త్రిప్పి చూచువారికిని, ప్రక్కకు తిరిగి బరువైన బిందెను అందుకొను గృహిణులకును ఈ కీళ్ళ లెక్కయే వర్తించును.

కర్రను వెనుకకు ఎత్తి, బంతిమీదికి దించి, ముందుకు సాగించు క్రియకు ఆంగ్లమున స్వింగు అని పేరు. మనము దానిని ఊపు అందము. చూచువారి కంటికి ఊపు చేతుల పనివలె కనబడును. జొన్నచేనిలో మంచెనెక్కి వడిసెల విసరు రైతును చూచినవారు ఈ పొరబాటు పడరు. రైతు పాదము మంచెను తన్నిపట్టును. ఆ తరువాత మొల తిరుగును. మొల వెంట రొమ్ము, రొమ్ము వెంట భుజము, భుజము వెంట చేయి కదలును. కట్టకడపటికి గదా రాయి విడివడును. గాల్ఫు ఊపులోను ఇదే వరుస. కర్ర క్రిందికి దిగునప్పుడు ముందుగా కటి, అనగా మొలత్రాడు కట్టు చోటు, బంతిని కొట్టవలసిన దిక్కునకు తిరుగును. తరువాత రొమ్ము, తరువాత చేతులు, చివరకు మణికట్టులు, కర్ర. ఒక్కొక్కటి తన వేగమును తరువాతిదానికి అప్పగించి నెమ్మదించును. చర్నాకోల పిడి ఆగినప్పుడే గదా కొస చెళ్ళుమనును.

ఈ వ్యవహారమంతయు ఎంతసేపు? నేర్పరి యైన ఆటగాడు కర్రను వెనుకకు ఎత్తుటకు సుమారు ముప్పావు సెకను, దించి బంతిని తాకుటకు పావు సెకను పట్టును. పావు సెకనులో ఎవ్వరును ఆలోచించి ఏ కీలును సవరించుకొనలేరు. ఎంత తిరుగవలెనో కీలు ముందుగానే నేర్చి యుండవలెను. కావుననే మైదానములో వినబడు సలహాలకంటె ఇంటివద్ద చేయు సాధన ఎక్కువ ఫలమిచ్చును.

ఇక కీళ్ళ లెక్కను చూతము. కుడిచేతివాటము గలవారిని దృష్టిలో ఉంచుకొని చెప్పెదము. ఎడమచేతివారు త్రిప్పి అర్థము చేసికొనవలెను. నిండైన ఊపులో, కర్ర వెనుకకు ఎత్తినప్పుడు, భుజములు సుమారు 90 డిగ్రీలు కుడికి తిరుగును. అనగా వీపు లక్ష్యమువైపు తిరిగి నిలుచును. ఈ 90 డిగ్రీలు ఒక్క కీలునుండి వచ్చునవి కావు. కటి, తుంటి కీళ్ళ ఆధారమున, పాదముల సాయముతో సుమారు 45 డిగ్రీలు తిరుగును. ప్రక్కటెముకలు అంటుకొని యున్న వీపు పై భాగములో 12 పూసలు కలవు. అవి అన్నియు కలిసి సుమారు 35 డిగ్రీలు ఇచ్చును. నడుములోని 5 పూసలు ఇచ్చునది 10 డిగ్రీల మాత్రమే. 45, 35, 10: మొత్తము 90. లెక్క సరిపోయినది.

నడుము ఇంత పిసినారి ఏల యని అడుగవచ్చును. నడుము పూసలను కలుపు చిన్న కీళ్ళ అమరికయే అట్టిది. పెట్టె మూతకు బిగించిన మడతబందువలె అవి ముందుకు వెనుకకు వంగుటకు అనువుగా ఉండును. పురిపెట్టినచో ఒకదానినొకటి అడ్డుకొనును. తుంటి కీలు అట్లు గాదు. గిన్నెలో అమర్చిన గుండువలె అది అన్ని దిక్కులకు తిరుగగలదు. కావున మలుపు పనికి పుట్టినవి తుంటి, వీపు పై భాగము. నడుము నిలుకడకు పుట్టినది.

ఇప్పుడు ఒక ఉద్యోగి ఇరువది ఏండ్లు కుర్చీలో కూర్చుండి తుంటి మలుపులో 15 డిగ్రీలు, వీపు మలుపులో 10 డిగ్రీలు పోగొట్టుకొనినాడని అనుకొందము. ఐనను మైదానములో అతడు 90 డిగ్రీలే తిరుగగోరును. తక్కువ పడిన 25 డిగ్రీలు ఎచ్చటనుండి వచ్చును? కొంత అప్పు చేతులు తీర్చును: మోచేయి వంగును, కర్ర దారి తప్పును. కొంత మోకాళ్ళు తీర్చును: దేహము తిరుగుటకు బదులు కుడివైపునకు ఒరగును. మిగిలినది నడుము నెత్తిన పడును. ఊపు వేళ నడుము పూసలపై శరీరపు బరువుకు సుమారు 8 రెట్లు ఒత్తిడి పడునని 1990లో జరిగిన పరిశోధన తెలిపినది. అంత ఒత్తిడిలో, శక్తికి మించిన పురితో, నూరుసార్లు కర్రను విసరిన సాయంకాలము నడుము పట్టుకొనుటలో ఆశ్చర్యమేమున్నది? నొప్పి పుట్టినది నడుములో. తప్పు చేసినది తుంటి. నడుమునకు తైలము రాచి తుంటిని మరచినచో నొప్పి మరల మరల వచ్చును.

ఊపు పద్ధతులు కాలముతో మారినవి. పూర్వపు ఆటగాండ్రు కర్రను వెనుకకు ఎత్తునప్పుడు ఎడమ మడమను నేలనుండి లేవనిచ్చి, కటిని స్వేచ్ఛగా తిరుగనిచ్చెడివారు. జాక్ నిక్లాస్ వంటి మహాక్రీడాకారుడును మడమను లేపెను. తరువాతి కాలమున కటిని బిగబట్టి భుజములను మాత్రము వీలైనంత త్రిప్పినచో బంతి దూరము పోవునను బోధ ప్రబలెను. భుజముల మలుపునకును, కటి మలుపునకును గల వ్యత్యాసమునకు జిమ్ మెక్లీన్ అను బోధకుడు 1992లో ఎక్స్ ఫ్యాక్టరు అని పేరు పెట్టెను. తడిబట్టను పిండునప్పుడు ఒక కొసను పట్టి రెండవ కొసను మెలిపెట్టినట్టిది ఈ పద్ధతి. దూరము పెరుగుట నిజమే. కాని ఆ మెలి పడునది నడిమి భాగమునందని మరువరాదు. మెత్తని కీళ్ళుగల యువకులకు, నిత్యము వ్యాయామము చేయువారికి అది చెల్లవచ్చును. వారికిని అన్నివేళల చెల్లదు. టైగర్ వుడ్స్ 2014 నుండి వెన్నునకు పలుమార్లు శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను. 2017లో ఆయన నడుము అడుగు పూసను దాని క్రింది ఎముకతో అతికించిరి. 2019లో, 43 ఏండ్ల వయస్సున, ఆయన మాస్టర్స్ పోటీని మరల గెలిచెను. ఆయన బాధకు ఊపు ఒక్కటే కారణమని మేము చెప్పజాలము. అంతటి దేహమునకే అట్టి పరీక్ష వచ్చినప్పుడు వారాంతపు ఆటగాడు దేనిని అనుకరించవలెనో యోచించుకొనవలెను.

మొదట ఎవరి లెక్కను వారు తెలిసికొనవలెను. ఇందుకు రెండు పరీక్షలు కలవు. మొదటిది వీపునకు. చేతులు లేని కుర్చీపై నిటారుగా కూర్చుండి, మోకాళ్ళను చేర్చి, చేతికర్రను రొమ్మునకు అడ్డముగా ఆనించి, దానిపై చేతులు కట్టుకొనుడు. మోకాళ్ళు కదలకుండ రొమ్మును ఒక ప్రక్కకు త్రిప్పుడు. కర్ర 45 డిగ్రీలు, అనగా గది మూలవైపునకు చూచునంత, తిరిగినచో చాలును. రెండవది తుంటికి. అదే కుర్చీపై తొడ కదలకుండ పాదమును వెలుపలికి జరుపుడు. పాదము వెలుపలికి పోయినప్పుడు తొడ ఎముక తుంటిలో లోపలికి తిరుగును. రెండు కాళ్ళను పోల్చి చూచుకొనుడు. కర్ర వెనుకకు పోవునప్పుడు కుడితుంటికి, ముందుకు సాగినప్పుడు ఎడమతుంటికి ఈ లోపలి మలుపే కావలెను.

ఇచ్చట మన ఇండ్లకు సంబంధించిన ఒక విశేషము కలదు. నేలపై బాసిపట్లు వేసికొని కూర్చుండు అలవాటు మనకు తుంటిని మెత్తగా ఉంచునని పెద్దలు చెప్పుదురు. అది నిజమే గాని, ఆ కూర్చుండుట తొడను వెలుపలికి మాత్రమే త్రిప్పును. లోపలి మలుపు దానివలన రాదు. బాసిపట్లు హాయిగా వేయగలవాడును గాల్ఫులో తుంటి బిగిసి తికమకపడుటకు ఇది ఒక కారణము. కావున లోపలి మలుపును వేరుగా సాధింపవలెను.

సాధనలను నాలుగింటిని చెప్పెదము. వీనికి చాప, దిండు, చేతికర్ర తప్ప వేరు పరికరములు అక్కరలేదు.

మొదటిది తుంటికి. చాపపై కూర్చుండి చేతులను వెనుకకు ఆనించుడు. మోకాళ్ళు వంచి, పాదములను ఎడముగా నేలపై నిలుపుడు. రెండు మోకాళ్ళను మెల్లగా కుడివైపునకు వాల్చి, మరల లేపి, ఎడమవైపునకు వాల్చుడు. మోకాలు నేలను తాకవలెనను పట్టుదల వలదు. ప్రక్కకు 10 సార్లు చాలును.

రెండవది వీపు పై భాగమునకు. ప్రక్కకు తిరిగి పరుండి, మోకాళ్ళు వంచి, వాని నడుమ దిండు పెట్టుకొనుడు. రెండు చేతులను ముందుకు చాచి అరచేతులను కలుపుడు. పై చేతిని, పుస్తకము తెరచినట్లు, మెల్లగా వెనుకకు తెరువుడు. చూపు ఆ చేతి వెంట పోవలెను. మోకాళ్ళు విడిపోరాదు. అవి కదలినచో మలుపు వీపును విడిచి నడుములోనికి దిగినదని గ్రహింపవలెను. చేతిని తెరచునప్పుడు ఊపిరి విడువుడు. ప్రక్కకు 8 సార్లు.

మూడవది వంగుటకు. బంతి యెదుట నిలుచునప్పుడు పలువురు వీపును గూనిగా చేసి వంగుదురు. గూనివీపు తిరుగజాలదు; కూర్చున్నచోటనే మీరు గూనిగా వంగి ప్రక్కకు తిరిగి చూచినచో తెలియును. చేతికర్రను వెన్నెముక వెంట నిలువుగా పట్టుకొనుడు. అది తలవెనుకను, వీపును, నడుము క్రింది ఎముకను తాకి యుండవలెను. మోకాళ్ళను కొంచెము సడలించి, పిరుదులను వెనుకకు నెట్టుచు, కర్ర మూడు చోట్లను విడువకుండ ముందుకు వంగి లేవుడు. వంపు తుంటివద్ద పడవలెను గాని నడుమువద్ద గాదు. 10 సార్లు.

నాలుగవది కటిని, రొమ్మును వేరుచేయుటకు. ఆట భంగిమలో నిలిచి, తలుపు దారబందమును రెండు చేతులతో పట్టుకొని, భుజములు కదలకుండ కటిని మాత్రము కుడికి, ఎడమకు త్రిప్పుడు. తరువాత చేతులు రొమ్మున కట్టి, కటిని నిలిపి రొమ్మును మాత్రము త్రిప్పుడు. మొదటి వారములో ఇది చేతగాదు. దేహమంతయు ఒక దుంగవలె తిరుగును. కొన్నాళ్ళకు రెండు భాగములు వేరువేరుగా ఆజ్ఞను వినసాగును. ఊపులోని వరుసకు ఇదియే పునాది.

ఈ నాలుగింటికి రోజునకు 12 నిమిషములు పట్టును. ఆరు, ఎనిమిది వారములు విడువక చేసినచో మార్పు కనబడును. వారమునకొకసారి గంటసేపు చేయుటకంటె ప్రతిదినము కొంచెము చేయుట మేలు.

ఆట ఆడు దినమున కారు దిగినవెంటనే పెద్ద కర్రను అందుకొనరాదు. పది నిమిషములు నడిచి, కాళ్ళను ముందు వెనుకలకు ఊపి, కర్రను భుజములపై పెట్టుకొని మెల్లగా అటునిటు తిరుగవలెను. తరువాత చిన్న కర్రతో సగము ఊపులు, అటుపై నిండు ఊపులు. కండరమును సాగదీసి చాలసేపు అట్లే పట్టియుంచు సాధనలను ఆట ముగిసినపిదప చేయుట మంచిది. ఆటకు ముందు చేసినచో కొంతసేపు కండరముల చురుకు తగ్గును. ఇంతచేసినను కీలు తగినంత తిరుగనివారు సిగ్గుపడక ఎడమ మడమను లేవనీయవచ్చును. ఎడమపాదపు కొనను కొద్దిగా వెలుపలికి త్రిప్పి నిలువవచ్చును. బెన్ హోగన్ 1957లో ప్రకటించిన గ్రంథములో ఎడమపాదమును ఇట్లే నిలుపుమని బోధించెను. భుజములు 90 డిగ్రీలకు బదులు 75 తిరిగినను ఆట సాగును. బంతి కొన్ని గజములు తక్కువ పోవును, నడుము మాత్రము మిగులును.

కొన్ని హెచ్చరికలు తప్పవు. నొప్పి పిరుదునుండి కాలి వెంట మోకాలి క్రిందికి ప్రాకినను, పాదము తిమ్మిరిపట్టినను, బలము తప్పినను సాధనలను ఆపి వైద్యుని చూడవలెను. వానితోపాటు మూత్రవిసర్జనలో ఇబ్బంది కలిగినచో ఒక్క గంటయు ఆలసింపరాదు. ఎముకలు గుల్లబారినవారును, తుంటి మార్పిడి చేయించుకొనినవారును ఈ మలుపులను తమ వైద్యుని అనుమతితోనే చేయవలెను.

ఇంత శ్రమకు ఫలమేమి యని ప్రశ్నించువారికి ఇద్దరి చరిత్ర చాలును. అమెరికా దేశపు శామ్ స్నీడ్ తన దేహపు మెత్తదనమునకు పేరుపొందెను. మోకాళ్ళు వంచకయే గుంతలోని బంతిని చేతితో తీసెడివాడు. 1965లో, 52 ఏండ్ల వయస్సున, గ్రీన్స్‌బరో పోటీని గెలిచెను. 1979లో ఆయనకు 67 ఏండ్లు. ఆ యేట ఒక పెద్ద పోటీలో 18 గుంతల ఆటను ఒకనాడు 67 దెబ్బలలోను, మరియొకనాడు 66 దెబ్బలలోను ముగించెను. యువకులకే గగనమైన లెక్క అది. రెండవవాడు టామ్ వాట్సన్. 2008లో ఆయనకు ఎడమతుంటిని మార్చి కృత్రిమమైన కీలును అమర్చిరి. మరుసటి జూలైలో, అరువది ఏండ్లకు కొద్దివారముల దూరమున నుండి, స్కాట్లండులోని టర్న్‌బెరీలో బ్రిటిషు ఓపెన్ పోటీలో చివరి గుంతవరకు ముందు నిలిచెను. సరిసమానముగా ముగిసిన ఆ పోటీలో అదనపు ఆటలో స్టూవర్ట్ సింక్ చేతిలో ఓడినను, తిరుగగల తుంటి ఏమి చేయగలదో లోకమునకు చూపెను.

మనకు పోటీలు అక్కరలేదు. ఉదయపు మంచులో స్నేహితులతో 18 గుంతలు నడచి, సాయంకాలము నడుము పట్టుకొనకుండ మనుమలతో కూర్చుండగలిగిన చాలును. రేపు ఉదయముననే కుర్చీపై ఆ రెండు పరీక్షలను చేసికొని, ఏ ప్రక్కకు ఎంత తిరిగినదో కాగితముపై వ్రాసి యుంచుడు. ఎనిమిది వారముల సాధన తరువాత మరల కొలిచి చూచుకొనుడు. నడుము నెత్తినున్న అప్పు ఎంత తీరినదో ఆ కాగితమే చెప్పును.